లాక్కున్నది ఎవరి సొత్తు?

(మహిళా కార్యకర్తల శిక్షణా తరగతులలో చేసిన ప్రసంగ పాఠం)



వడ్డీ వ్యాపారుల గురించీ, భూములు కబ్జా చేసేవారి గురించీ ఇంగ్లీషులో నివేదికలు రాసేటప్పుడు మనం 'రేపేషస్' అనే మాట వాడుతుంటాం. ఎదుటివాళ్ళది ఎంత లాక్కున్నా ఆశ తీరనివాడు అని దాని అర్థం. దీని మూలం లాటిన్‌లోని 'రాపెరె', అంటే బలవంతంగా లాక్కుపోవడం. గద్దలాంటి వేట పక్షులకు 'రాప్టర్' అనే పేరు వచ్చిందీ, 'రేప్' అనే మాట పుట్టిందీ ఇందులోంచే.

ఇది నిఘంటువులకే పరిమితమైన విషయం కాదు. మధ్యయుగాల ఇంగ్లండులో స్త్రీని ఎత్తుకుపోవడాన్నీ, ఆమెపై బలాత్కారాన్నీ కలిపి 'రాప్టస్' అనే ఒక్క మాటతో చెప్పేవారు. 1285 నాటి వెస్ట్‌మినిస్టర్ శాసనం, భర్త సామాన్లతో సహా భార్యను ఎత్తుకుపోతే ఆ సామాన్ల కోసం దావా వేసే హక్కును రాజుకు ఇచ్చింది. అంటే స్త్రీని సామాన్ల సరసన చేర్చిందన్నమాట. నష్టపోయినవాడు తండ్రి, లేదా భర్త.

మరి భర్తే బలాత్కరిస్తే? తన సొత్తును తనే ఎలా దొంగిలిస్తాడు? పెళ్ళితోనే భార్య తనను తాను భర్తకు ఇచ్చేసుకుందనీ, ఆ మాట వెనక్కు తీసుకోలేదనీ న్యాయమూర్తి మాథ్యూ హేల్ రాశాడు. ఆ పుస్తకం 1736లో అచ్చయింది. 1860 నాటి భారత శిక్షాస్మృతి 'ఆమె ఇష్టానికి వ్యతిరేకంగా' అంటూనే భర్తకు మినహాయింపు ఇచ్చింది. ఇంగ్లండులో ఆ రక్షణను కోర్టు 1991లో తొలగించింది. మన 2023 భారతీయ న్యాయ సంహిత మాత్రం భార్యకు పద్దెనిమిదేళ్ళు నిండితే ఆ మినహాయింపును అలాగే ఉంచింది.

పోనీ, మన తెలుగు మాటలు నయమా? 'చెరచడం' అంటే పాడుచేయడం. 'మానభంగం' అంటే మానం పోవడం. ఇంగ్లీషు మాట ఆమెను సొత్తు చేస్తే, మన మాటలు పాడైపోయిన సొత్తు చేశాయి. 1978లో హైదరాబాదు నల్లకుంట పోలీస్ స్టేషన్ కేసు విచారణలో పోలీసుల తరఫువారు బాధితురాలి శీలం మీదే దాడి చేశారు. మానం లేనిదానికి భంగమేమిటన్నదే ఆ వాదన సారాంశం.

నా తప్పు కూడా చెప్పాలి. పరిశోధన కోసం తిరుగుతున్న రోజుల్లో ఒక కూలీ స్త్రీ నాతో, "వద్దు వద్దంటున్నా వినలేదమ్మా" అంది. నేను నా నోటుబుక్కులో 'మానభంగం జరిగింది' అని రాసుకున్నాను. తన మానం పోయిందని ఆమె అనలేదు. తను వద్దన్న సంగతి చెప్పింది. అసలు నేరం ఏమిటో ఆమెకు స్పష్టంగా తెలుసు. డాక్టరేటు ఉన్న నేనే దాన్ని చెరిపేశాను.

అందుకే నా విన్నపం ఒక్కటే. ఫిర్యాదు రాయించేటప్పుడు, నివేదిక తయారుచేసేటప్పుడు, ఆమె 'వద్దన్నాను' అంటే ఆ మాటే రాయండి. స్టేషన్లో ఇంకో మాట రాస్తే చదివించుకొని, మార్పించండి. అక్కడ లాక్కున్నది ఏ మగవాడి సొత్తునూ కాదు, వద్దనే ఆమె హక్కును. భర్త విషయంలోనూ ఆ హక్కు ఆమెదేనని చట్టం ఒప్పుకునేదాకా మన పని పూర్తికాదు.