మచ్చల మధ్య దూరం

లేజర్ ప్రింటు మీద నల్లచుక్క కనబడగానే కార్ట్రిడ్జ్ పారేయకండి, డబ్బు దండగ. ముందు స్కేలు తీయండి. అదే చుక్క కింద మళ్లీ ఎంత దూరంలో పడిందో కొలవండి. మన దగ్గర బాగా వాడే 12ఏ కార్ట్రిడ్జ్‌లో సుమారు 75 మిల్లీమీటర్లకోసారి పడితే దోషం డ్రమ్ముది; ఆ డ్రమ్ము చుట్టుకొలత అంతే మరి. 38 అయితే డ్రమ్ముకు చార్జి ఇచ్చే రోలర్‌ది. అది ఒక్కోసారి వట్టి మురికే, పొడిగుడ్డతో మెల్లగా తుడిచి చూడండి.

పైనుంచి కిందిదాకా తెగని నల్లగీత వేరే సంగతి. డ్రమ్ము గీరుకుపోయి ఉండాలి, లేదా మిగిలిన టోనర్‌ను గీకే వైపర్ బ్లేడు అంచు అరిగి ఉండాలి. చూసేటప్పుడు డ్రమ్ముకు ఎండ తగలనివ్వకండి. దాని పూత వెలుతురుకు పాడవుతుంది.