పనివాడు విమానమెక్కిన కథ



మన గ్రంథాలయమున భారతము చదివినవారికి ఆదిపర్వములోని కుమారుల అస్త్రవిద్యాప్రదర్శనము జ్ఞాపకముండును. కర్ణుడు విల్లు పట్టి నిలువగానే కృపాచార్యుడు అతని విద్య నడుగలేదు, కులము నడిగెను. ఆ ప్రశ్న ద్వాపరముతో ముగియలేదు. మొదటి ప్రపంచయుద్ధములో దాని నెదుర్కొనిన ఒక పనివాని చరిత్రను నేడు మీకు విన్నవించెదను.

అతని పేరు విలియం రాబిన్సన్ క్లార్కు. జమైకా ద్వీపమందలి కింగ్‌స్టను పట్టణమున 1895 అక్టోబరు 4న జన్మించెను. నల్లజాతివాడు. ఆ ద్వీపము అప్పుడు మన దేశమువలెనే ఆంగ్లేయుల యేలుబడిలో నుండెను. యుద్ధము రాగా క్లార్కు సొంత సొమ్ముతో ఓడకేవు చెల్లించి ఇంగ్లండు చేరి, 1915 జూలై 26న రాయల్ ఫ్లయింగ్ కోరు అను వైమానికదళమున మెకానిక్కుగా చేరెను. పిమ్మట ఫ్రాన్సులో, శత్రువుల కదలికలు కనిపెట్టు బెలూనుదళమునకు మోటారు నడిపెను. బెలూనులోనివాడు ఆకాశమున నుండగా మోటారువాడు బురదలో నుండును గదా! 1916 డిసెంబరులో విమానశిక్షణకు ఎన్నికై, 1917 ఏప్రిల్ 26న పైలటు చిహ్నమగు రెక్కలను పొందెను. బ్రిటను పక్షమున విమానము నడపిన తొలి నల్లజాతివాడు ఇతడే యందురు.

అయినను ఆఫీసరు కాలేదు. శుద్ధ ఐరోపా సంతతివారికే ఆ పదవి యని ఆనాటి సైనికనిబంధన. క్లార్కు సార్జంటుగానే యుండెను. కర్ణునకు అంగరాజ్యమిచ్చుటకు సుయోధనుడైన దొరికెను, ఇతనికి అదియు లేదు.

అతడు నడపిన ఆర్.ఇ.8 విమానమున ముందు పైలటు, వెనుక పరిశీలకుడు కూర్చుందురు. ఛాయాచిత్రములు తీయుట, ఫిరంగులకు గురి తెలుపుట దాని పని. చురుకుగా తిరుగలేనిది, శత్రువు పైబడినచో తప్పించుకొనుట కష్టము. జూలై 28న బెల్జియముమీద చిత్రములు తీయుచుండగా సుమారు అయిదు జర్మను విమానములు పైబడెను. తూటా క్లార్కు వెన్నెముకలో దూరెను. అట్లే విమానమును స్థావరము సమీపమువరకు నడిపి, ఇక శక్తి చాలక నేలకు దించెను. పరిశీలకుడు సెకండు లెఫ్టినెంటు, హోదాలో పెద్ద. ఆయన ప్రాణము మాత్రము సార్జంటు చేతిలో నుండెను. క్లార్కు తల్లికి వ్రాసిన జాబులో ఈ సంగతి నాలుగు మాటలలో చెప్పి, తన పరిశీలకునికి గాయమేమియు తగులలేదని తెలిపెను. ఆ జాబులో నాకు మిక్కిలి నచ్చినది ఆ వాక్యమే.

లెక్కలు వ్రాయువాడను గనుక వ్రేళ్లు మడిచి చూచితిని. రెక్కలు వచ్చిననాటినుండి తూటా తగిలిన నాటికి తొంబదిమూడు దినములు!

గాయము మానిన పిదప మరల మెకానిక్కు పనికే మళ్లెను. ఆకాశమెక్కినవాడు మరల యంత్రపు నూనెలో చేతులు పెట్టుట క్రిందికి దిగుట యని కొందరనవచ్చును. నేననను. యుద్ధానంతరము జమైకా చేరి, ఇండ్లు కట్టు పనులలో జీవించెను. రాయల్ ఎయిర్ ఫోర్సు మాజీ సభ్యుల సంఘమునకు అచ్చటి శాఖవారు అతనిని ఆజీవాధ్యక్షునిగా చేసికొనిరి. 1981 ఏప్రిల్ మాసమున ఎనుబదియైదేండ్ల వయసున కన్నుమూసెను.