దుర్గంధాన్ని ఆరగించే సూక్ష్మజీవులు
(వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మురుగునీటి పంపింగ్ స్టేషన్లలో పనిచేసి రిటైరైనవాణ్ణి. అక్కడి కుళ్ళిన కోడిగుడ్ల వాసన మనలో చాలామందికి పరిచయమే. అది హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు. దాన్ని సూక్ష్మజీవుల చేతనే తినిపించే పద్ధతి గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. దీన్ని బయోఫిల్టర్ అంటారు.

మీటరు లోతు తొట్టిలో కంపోస్టు, చెక్క ముక్కలు కలిపి నింపుతారు. చెడుగాలిని నీటి తుంపరలతో తడిపి, ఫ్యానుతో ఆ పరుపు గుండా పంపుతారు. ముక్కలకు పట్టిన పల్చని నీటిపొరలో వాయువు కరుగుతుంది. అక్కడ కాపురముండే థయోబాసిల్లస్ వంటి బాక్టీరియా దాన్ని ఆక్సిజన్‌తో కలిపి సల్ఫేటుగా మార్చి, ఆ శక్తితో బతుకుతాయి. గాలి పరుపులో ఉండేది సుమారు ఒక నిమిషమే. రంగుల పరిశ్రమల్లో వెలువడే టొలీన్ ఆవిరిని సూడోమోనాస్ జాతి బాక్టీరియా ఇలాగే కార్బన్ డై ఆక్సైడ్‌గా, నీరుగా మార్చగలవు. 1957లోనే అమెరికాలో రిచర్డ్ పొమెరాయ్ ఇటువంటి పద్ధతికి పేటెంటు పొందారు. ఆయన వాడినది మామూలు మట్టి.

అయితే ప్రాణమున్నవాటికి పోషణ కావాలి. ఒక వేసవిలో మా స్టేషన్‌లో తుంపర్ల పంపు చెడిపోయింది. పైకి కాగితం పంపి ఊరుకున్నాను. పరుపు ఎండి బీటలువారింది. గాలి శుద్ధి కాకుండానే ఆ పగుళ్ళలోంచి బయటపడింది. చుట్టుపక్కల వారు గొడవ చేస్తే ఫ్యాను ఆపించాను. అదే నా తప్పు. వాయువంతా బావిలోనే పేరుకుంది.

మర్నాడు వాల్వు చూడడానికి వచ్చిన కార్మికుడు బావి అంచున కాసేపు వంగి చూసి, "ఇందాక కంపు కొట్టింది గాని, ఇప్పుడు వాసనే లేదు సార్, దిగుతాను" అన్నాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. తాడుకు కట్టి మీటరు దింపితే ఆగకుండా మోగింది. ఈ వాయువు సుమారు 100 పీపీఎం చేరితే ముక్కు మొద్దుబారిపోతుంది. ఇంకా ఎక్కువైతే ప్రాణాలే పోతాయి. వాసన పోయినంత మాత్రాన గాలి బాగుపడినట్టు కాదు.

పంపు బాగుచేయించాక కూడా ఆ బాక్టీరియా పుంజుకోవడానికి వారాలు పట్టింది. ఆ కార్మికుడు దిగి ఉంటే ఎన్ని వారాలైనా తిరిగి వచ్చేవాడు కాదు.

మన పిల్లలు, శిష్యులు ఎందరో ఇటువంటి చోట్ల ఉద్యోగాలు చేస్తున్నారు. వారికి రెండే మాటలు చెప్పండి: పరుపు తడి ఆరనివ్వవద్దు, ముక్కును నమ్మి బావిలోకి ఎవరినీ దించవద్దు.