ధనమును, సుఖమును
(గుంటూరు ప్రాంతపు పఠనమందిరమున గావించిన ప్రసంగము)



ధనము మాయ యనియు, సుఖము మనస్సునందే యున్నదనియు బోధించువారికి మన దేశమున కొరత లేదు. మే మా మాట చెప్పుటకు రాలేదు. మిరప టిక్కీలతో గుంటూరు యార్డులో రాత్రియెల్ల మేలుకొని, తెల్లవారి పలుకు ధర అప్పునకు చాలునో చాలదో యని తపించు కౌలురైతునకు ఆ బోధ చేయుట పరిహాసము.

1987 ప్రాంతమున గుంటూరు, ప్రకాశము జిల్లాల ప్రత్తిచేలపై తెల్లదోమ పడెను. కొట్టిన మందు పనిచేయలేదు. పంట పోయెను, విత్తనమునకును, ఎరువునకును, మందునకును తెచ్చిన యప్పు మాత్రము నిలిచెను. ఎందరో రైతులు బ్రతుకుపై నాశ వదలి ప్రాణములు తీసికొనిరి. వారిది ధనాశ యని యెవరనగలరు? వారు కోరినది ఐశ్వర్యము కాదు, ఋణవిముక్తి. అప్పు తీర్చు రూపాయియు, వైద్యునకిచ్చు రూపాయియు, బిడ్డ చదువునకగు రూపాయియు నిస్సందేహముగా సుఖమే.

ఆ యవసరములు తీరిన పిమ్మట వచ్చు రూపాయి కూడ నంతటి సుఖమునే యిచ్చునా? న్యాయస్థానములలో తిరుగు మా యనుభవ మట్లు చెప్పదు. 2014లో రాజధాని ఈ ప్రాంతమునకు వచ్చునని తెలియగానే భూముల ధరలు మిన్నంటెను. ఒకే చేనులో కలిసి ప్రత్తి తీసిన యన్నదమ్ములు వాదిప్రతివాదులై నిలుచుట చూచితిమి. డిక్రీవలన చేను వచ్చును, అన్న రాడు. గెలిచినవానిని సుఖముగా నిద్రించితివా యని యడిగినచో మౌనమే సమాధానము.

మా వృత్తివారే యగు టంగుటూరి ప్రకాశము పంతులుగారిని తలపుడు. 1872లో ఒంగోలు సమీపమందలి వినోదరాయునిపాలెమున జన్మించిరి. తండ్రి గతింపగా, తల్లి పూటకూళ్ల యిల్లు నడిపి చదివించెను. చెన్నపట్టణమున బారిస్టరుగా విశేషముగా నార్జించిరి. 1921లో ఆ వృత్తిని విడిచి, స్వరాజ్య పత్రికను స్థాపించి, ఆర్జించినదానిని దేశకార్యమునకు ధారపోసిరి. 1953లో ఆంధ్రరాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రి యయ్యును, 1957లో గతించునాటికి ధనవంతులు కారు. ఆ లేమిని మేము పొగడము; దేశమునకిచ్చినవారు లేమి ననుభవించుట దేశమునకు గౌరవము కాదు. కాని వారి బ్రతుకు వ్యర్థమయ్యెనని యెవడును తలపడు. తమ సంపాదన యెందులకో వారెరుగుదురు.

మనమందరము ప్రకాశములము కానక్కరలేదు. ఈ సభలో అప్పిచ్చువారును, కమీషను వర్తకులును, మావంటి న్యాయవాదులును గలరు. ఈ మిరపకోత ముగియులోపల ఒక్క పని చేయుదము. నోటుపై వ్యాజ్యము వేయుటకు ముందు బాకీదారు నింటికి పోయి చూడుడు, తీర్చలేనివాడైనచో గడువిండు. అన్నదమ్ముల తగవు మా కడకు వచ్చినచో, ఫీజు మాట యెత్తకముందే యిరువురను రాజీకి కూర్చుండబెట్టుదుమని మేము మాట యిచ్చుచున్నాము.

ఇందువలన మన పెట్టెలలో కొంత సొమ్ము తగ్గుట నిజము. అందులకు విచారించితిమో, సంతసించితిమో ఉగాదినాడు ఇచటనే కలిసికొని, దాపరికము లేక చెప్పుకొందము.