మూలిక మందగు విధము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



జపాను దేశమున నారా అను ప్రాచీన నగరము కలదు. అచ్చటి తోదాయిజీ బౌద్ధాలయమునకు చెందిన షోసోయిన్ అను కొయ్య భాండాగారము పన్నెండు వందల యేండ్లకు పైబడి నిలిచియున్నది. క్రీ. శ. 756లో షోము చక్రవర్తి మరణించిన పిదప ఆయన పత్ని కోమ్యో 60 రకముల ఔషధద్రవ్యములను 21 పెట్టెలలో పెట్టించి మహాబుద్ధునకు సమర్పించెను. రోగార్తులకు అవసరమైనపుడు వానిని తీసి వాడవలెనని కోరి, వానికొక పట్టికయు వ్రాయించెను. ఆ పట్టిక నేటికిని చెడక యున్నది. అందు మిరియములు కలవు, పిప్పళ్లు కలవు, మన కరక్కాయయు కలదు. జపానువారు దానిని కరిరోకు అందురు. అది చీనావారి హెలిలె అను మాటనుండి వచ్చినది. ఆ మాట మూలము వెదకిన మన హరీతకి వైపునకే పోవును.

శేషాచలపు అడవులలోని కరకచెట్టును ఎరుగనివారు ఈ సభలో ఉండరు. ఏ యింట చూచినను పోపులపెట్టె ప్రక్కన రెండు కరక్కాయలు ఉండును. పసిబిడ్డకు కడుపు నొచ్చిన తల్లి సానపై అరగదీసి నాకించును. అయితే ఒక సంగతి ఆలోచింపదగినది. ఆ కాయనే కొరికి నమిలిన ఆకలి పుట్టును. నూరి పుచ్చుకొనిన విరేచనమగును. ఆవిరిపై ఉడికించి పుచ్చుకొనిన విరేచనములు కట్టును. వేయించిన త్రిదోషములకును శాంతి కలుగును. 16వ శతాబ్దివాడగు భావమిశ్రుడు తన భావప్రకాశమున చెప్పిన విషయమిది. చెట్టు ఒకటే, కాయ ఒకటే, గుణములు మాత్రము నాలుగు. గుణమును మార్చినది అడవి కాదు, వంటయిల్లు.

ఇక చీనా వైద్యులు దానిని ఏమి చేయుదురు? గొంతు బొంగురుపోయినను, దగ్గు పట్టినను పచ్చికాయను వాడుదురు. అతిసారము కట్టవలసినపుడు తడిపిన గోధుమపిండి ముద్దలో కాయను పొదిగి, నిప్పు సెగను కాల్చి, పిండిని పారవైచి లోని కాయను వాడుదురు. మనవారు ఆవిరితో సాధించినదానిని వారు సెగతో సాధించిరి. ఎవరు ఎవరి వద్ద నేర్చిరను తగవులోనికి పోవుట ఇచ్చట అనవసరము. ప్రపంచమున ఉన్నదెల్ల మననుండియే పోయినదని చెప్పుకొనుట కొందరికి వేడుక. కాయ పోయినమాట నిజము. దానిని కాల్చు నేర్పు వారిది.

మూలికను మందుగా మార్చు ఈ పనిని మనవారు సంస్కారమనిరి. విషద్రవ్యముల విషయమున దానినే శోధనమందురు. చీనావారి మాట పావోజీ. అగ్నితో వండుట యను భావము ఆ మాటలోనే ఉన్నది. క్రీ. శ. 200 ప్రాంతమున జాంగ్ జోంగ్‌జింగ్ అను వైద్యుడు తన యోగములలో నాభిజాతి దుంపను కొన్నిట పచ్చిదిగను, కొన్నిట నిప్పున కాల్చి తోలు తీసి ఎనిమిది ముక్కలు చేసియు వాడుమని నిర్ణయించెను. 5వ శతాబ్దిలో లే షియావో అను నతడు ఈ పనిని గురించియే ప్రత్యేకముగా ఒక గ్రంథము వ్రాసెను. మూలము నశించినను దానిలోని భాగములు తరువాతి గ్రంథములందు మిగిలినవి. 1076లో సోంగ్ ప్రభుత్వము రాజధానియగు కైఫెంగులో ప్రభుత్వ ఔషధశాలనే తెరచెను. 1565లో చెన్ జియామో అను పండితుడు ఈ పద్ధతులన్నిటిని నీటిపని, నిప్పుపని, నీరు నిప్పు కలిసిన పని అని మూడుగా విభజించెను. చూచిన ఇది మన కుమ్మరి చెప్పునట్టి విభజనమే. కాని శాస్త్రమునకు అంతటి సులువైన మాట దొరకుట అరుదు.

మన శార్ఙ్గధరుడు కషాయమునకు చెప్పిన కొలత ఇట్టిదే. నలుగగొట్టిన ద్రవ్యము ఒక పాలు, నీరు 16 పాళ్లు, మట్టిపాత్ర, సన్నని మంట, ఎనిమిదవ వంతు మిగులువరకు కాచుట. నేడు కషాయమన్న పేరుతో రెండు పొంగులు రానిచ్చి దింపువారు ఈ లెక్కను ఒకమారు జ్ఞాపకము చేసికొనవలెను. జపానువారు సామాన్యముగా నీరు సగమగువరకు కాచుదురు. వారి మోతాదులును చీనావారి మోతాదులకంటె చిన్నవి. 1713లో కైబారా ఎక్కెన్ అను పండితుడు తన ఆరోగ్యగ్రంథమున ఈ భేదమును గురించి వివరముగా చర్చించెను.

శొంఠిని చూడుడు. అల్లమును తోలు గీకి, సున్నపు నీట ముంచి, ఎండబెట్టిన శొంఠి యగును. పచ్చి అల్లమును శొంఠిని ఒకటిగా వాడు వైద్యుడు మన ఊళ్లలో లేడు. చీనావారును రెంటిని వేరు మందులుగనే ఎంచిరి. జపానువారు అల్లమును ఆవిరిపై ఉడికించి ఆపైని ఎండబెట్టి కాన్‌క్యో అందురు. అతిమధురమును చీనావారు తేనె పట్టించి వేయింతురు. మనము పాలు, నేయి, గోమూత్రము, నిమ్మరసము వాడుచోట వారు ఉప్పు, తేనె, పులియబెట్టిన కాడి, బియ్యపు మద్యము, అల్లపు రసము వాడుదురు. ఏ దేశమున ఏది చేతికి అందునో అదియే సంస్కారద్రవ్యమైనది.

ప్రాణముతో పనిగల చోటు వేరొకటి కలదు. నాభి మన కొండలలో మొలవదు. అది హిమాలయములనుండి మూలికల అంగళ్లకు వచ్చును. ముక్కలుగా తరిగి, మూడు దినములు గోమూత్రమున నానబెట్టి, గుడ్డమూట గట్టి, పాలకుండలో అంటకుండ వ్రేలాడదీసి ఒక జాము ఉడికింతురు. చీనాలోని సిచువాన్ సీమవారు దానిని ఉప్పుమడుల చేదునీట పలుదినములు నానబెట్టి, ఉడికించి, తోలు తీసి, పలుచగా తరిగి, పలుమార్లు కడిగి, ఆవిరి పట్టింతురు. నేటి జపాను కర్మాగారములలో అధికపీడనము గల ఆవిరితో చేయుదురు. మూడు చోట్లను జరుగునది ఒకటే. అకోనిటీన్ అను విషపదార్థము నీటితోను వేడితోను విడిపోయి, చాల తక్కువ విషము గల పదార్థములుగా మారును. ఈ రసాయనము తెలియకముందే వందల యేండ్లుగా మూడు జాతులవారును ఒకే బాటను నడచిరి. ఆ బాట వెనుక ఎందరి ప్రాణములు పోయెనో ఏ గ్రంథమును చెప్పలేదు.

ముష్టిచెట్టు మన అడవులలోనిదే. గింజలను ఏడు దినములు గోమూత్రమున, ప్రతిదినమును మార్చుచు, నానబెట్టి, పాలలో ఉడికించి, పైతోలును లోని మొలకను తీసివైచి, నేత వేయించి చూర్ణము చేయుదురు. చీనావారు ఆ గింజను మసలుచున్న ఇసుకలో ఉబ్బువరకు వేయింతురు. వారి పేరులోనే అది పరదేశపు గింజ యను అర్థము కలదు. 1596లో వెలువడిన లీ షిజెన్ మహాగ్రంథమున అది ఆ పేరుతోనే ఎక్కినది. చాకలివారు గుడ్డలకు గుర్తు పెట్టు నల్లజీడిని తాకినవాని చేయి పొక్కును. దానిని శోధించువారు చేతులకు కొబ్బరినూనె పట్టించుకొని, ముక్కలను ఇటుకపొడిలో రుద్ది, ఆ పొడి నూనెను పీల్చిన తరువాత వేడినీట కడుగుదురు. ఈ మూడును పుస్తకము చదివి ఇంట చేయదగిన పనులు కావు. 1964లో ఔషధ చట్టమును సవరించి ఆయుర్వేదమును అందు చేర్చిన పిదప విషద్రవ్యములకు ప్రత్యేకముగా ఒక పట్టిక ఏర్పడినది. నాభి, ముష్టి, జీడి అందున్నవి.

చరిత్రలో జపానువారికిని మనకును ఒక పోలిక కలదు. 1883 నాటి వైద్యచట్టము పాశ్చాత్య వైద్యము చదివినవారికే అనుమతి నిచ్చెను. కంపో అను తమ దేశీయవైద్యమునకై పెట్టిన బిల్లు 1895లో వారి శాసనసభలో ఓడిపోయెను. 1976లో గాని కంపో యోగములు ప్రభుత్వ ఆరోగ్యభీమాలో విరివిగా చేరలేదు. మన చిత్తూరు జిల్లా మద్రాసు రాజధానిలో ఉన్న కాలమున, 1925లో, మద్రాసున దేశీయవైద్య పాఠశాల ఏర్పడెను. తిరుపతిలో ఆయుర్వేద కళాశాలను దేవస్థానమువారు 1983లో స్థాపించిరి. చంద్రగిరి సమీపమున నరసింగాపురమందు వారి ఔషధశాలయు కలదు. యోగముల కొలతలతో కూడిన జాతీయ సంగ్రహము 1978లో వెలువడినది. చీనావారు ప్రభుత్వముచేత ఔషధశాల తెరిపించిన తొమ్మిది వందల యేండ్లకు మనకు ఇది సమకూరినదని ఒప్పుకొనక తప్పదు.

అయితే సంగ్రహములోనికి ఎక్కనిది మన చుట్టును చాల కలదు. 1909లో థర్‌స్టన్ ప్రకటించిన సంపుటములలో శ్రీహరికోట యానాదులు అటవీశాఖవారికి కుంకుడుకాయలు, ముష్టిగింజలు, జీడిగింజలు ఏరి తెచ్చుట వ్రాయబడినది. తెచ్చిరని వ్రాసిరే గాని, ఏ నెల కాయ మంచిదో, ఏ కొండచరియ వేరు ఘాటైనదో వారిని అడిగి వ్రాసినది స్వల్పము. శేషాచలమున తెల్లకరక అను చెట్టు కలదు. ఈ తూర్పుకనుమల ప్రాంతమున తప్ప వేరుచోట కానరాదు. దాని కాయను కరక్కాయకు మారుగా వాడువారు కలరు. 2010లో శేషాచలమును జీవావరణ రక్షితప్రదేశముగా ప్రకటించిరి. ఎర్రచందనమునకు చీనాలో పీటలు, మంచములు చేయువారును, జపానులో షమిసెన్ అను తంత్రీవాద్యమునకు మెడ చెక్కువారును కలరు గనుక దానికై దొంగలు అడవిలో దూరుదురు. తెల్లకరకకై ఎవరును దూరరు. అందుచేతనే దానిని గురించి అడుగువారును తక్కువ.

తిరుపతిలో 1939లో దేవస్థానమువారు స్థాపించిన ప్రాచ్యపరిశోధనాలయమున తాళపత్రములు భద్రముగా నున్నవి. గ్రామ గ్రంథాలయము చేయగల పని దానికంటె చిన్నది, సులభమైనది. రెండు వందల పుటల బౌండు పుస్తకమొకటి పత్రికల బల్లపై నుంచవలెను. ఇంట శొంఠి చేయువారు, కరక్కాయ ఎండబెట్టువారు, నన్నారి వేళ్లు త్రవ్వి తెచ్చువారు వచ్చి చెప్పగా చదువుకున్న పిల్లలు వ్రాయవలెను. మూలికకు ఈ ఊరి పేరు, కోయు నెల, వాడు భాగము, నానబెట్టు దినములు, సోలలోనో తవ్వలోనో నీటి కొలత, చెప్పినవారి వయస్సు అను ఆరు గడులు చాలును. నాభి, ముష్టి, జీడి పేర్లు వచ్చినచోట ఎర్రసిరాతో గుర్తు పెట్టి, అవి వైద్యునిచేతనే శోధింపబడవలెనని ప్రక్కన వ్రాయుట అవసరము. కార్తీకమున కరక్కాయలు రాలుట మొదలగును గనుక మొదటి పుటకు అదియే తగిన నెల.