మన చేనుకి మనమే సాక్షులం



పొదుపు సంఘం పెట్టిన కొత్తల్లో బ్యాంకు మనకి ఏం చూసి అప్పిచ్చింది? పొలం చూసి కాదు, బంగారం చూసి కాదు. పక్కన కూర్చున్న తొమ్మిది మంది మాట చూసి ఇచ్చింది. ఇవాళ చెప్పుకునేది కూడా ఆ పద్ధతే. కాకపోతే ఈసారి హామీ అప్పుకి కాదు, పంటకి.

మన కోనసీమలో చాలామందిమి అరెకరం, ఎకరం వాళ్లమే. మందుల్లేకుండా పండించిన ధాన్యాన్ని మామూలు ధాన్యం పక్కన పోస్తే కొనేవాళ్లకి తేడా తెలియదు, కాగితం అడుగుతారు. బయటి సంస్థ తనిఖీ చేసి ఇచ్చే సర్టిఫికెట్‌ ఖర్చు అరెకరం పంట మోయలేదు. అందుకే కేంద్ర వ్యవసాయ శాఖ పీజీఎస్‌-ఇండియా అనే భాగస్వామ్య హామీ పద్ధతి పెట్టింది. దగ్గరదగ్గర ఊళ్ల రైతులు కనీసం ఐదుగురు గ్రూపుగా చేరాలి. ప్రతిజ్ఞ చెయ్యాలి. ఒకరి చేను ఇంకొకరు చూడాలి. గ్రూపు కూర్చుని నిర్ణయించాక రీజనల్‌ కౌన్సిల్‌ దాన్ని పరిశీలిస్తుంది. మారే కాలంలో పంటకి పీజీఎస్‌ గ్రీన్‌ గుర్తు, అది పూర్తయ్యాక పీజీఎస్‌ ఆర్గానిక్‌ గుర్తు ఇస్తారు. మారే కాలం మామూలుగా వరికి రెండేళ్లు, కొబ్బరికి మూడేళ్లు. 2017 నాటి ఆహార భద్రత నిబంధనలు ఈ హామీని గుర్తించాయి. ఎగుమతికి మాత్రం ఇది సరిపోదు.

మన రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ 2016 నుంచి ప్రకృతి వ్యవసాయాన్ని ఎక్కువగా మన మహిళా సంఘాల ద్వారానే ఊళ్లకి తెచ్చింది. 2024లో ఆ పనికి గుల్బెంకియన్‌ బహుమతిలో భాగం దక్కింది. అంటే చెయ్యడం మనకి వచ్చు. చూసి నిజం చెప్పడమే ఇంకా నేర్చుకోవాలి.

అది ఎంత కష్టమో మాకు ఒక దాళ్వాలో తెలిసింది. గ్రూపులో ఒక అక్క చేనుకి నలుగురం వెళ్లాం. పైరు నల్లగా ఉంది. యూరియా పడిందని అందరికీ అర్థమైంది, నోరు మాత్రం ఎవరికీ రాలేదు. మా వాయిదాలు ఆగినప్పుడు సర్దింది ఆ అక్కే. చివరికి ఒకరు అడిగారు. ఆవిడ గట్టు మీద కూర్చుని, “పైరు పచ్చబారితే ఆయన భయపడి చల్లించేశాడు. నేను వద్దంటే పొలం నా పేరునుందా?” అంది.

ఆ రాత్రి గ్రూపు కూర్చుంది. దాచితే ఆవిడ ఒక్కతే కాదు, అందరి సంచుల మీదా గుర్తు అబద్ధమవుతుంది. జరిగింది రాశాం. ఆవిడ లెక్క మళ్లీ మొదటి రోజు నుంచి మొదలైంది. కానీ గ్రూపులోంచి తీసెయ్యలేదు. ఇంటాయన్ని కూడా పిలిచి ప్రతిజ్ఞ చేయించాం. తప్పు ఆవిడ ఒక్కదానిదే కాదు, ఇంటి పెద్దని అడగకుండా ప్రతిజ్ఞ తీసుకున్న మాది కూడా.

అందుకే కొన్ని మాటలు అనుకుందాం. చేనుకి ముగ్గురికి తగ్గకుండా వెళ్దాం, ఒకరికి రాయడం రావాలి. నా చేను నువ్వు, నీ చేను నేను చూసుకోవడం వద్దు. దగ్గరి చుట్టాలు వద్దు. బోదె నీళ్లు ఎవరి చేలోంచి వస్తున్నాయో, గట్టు ఎంత ఎత్తుందో, కొట్టుగదిలో ఏ సంచులున్నాయో చూద్దాం. అంతటితో ఆగొద్దు. కొబ్బరి కింద అరటి, కంద, పసుపు ఎన్ని ఉన్నాయి? నేల ఏడాదంతా కప్పి ఉందా? వానపాములు ఉన్నాయా? పంట డబ్బు ఎవరి చేతికొస్తోంది? ఇవి కూడా రాద్దాం. మందు వెయ్యకపోతే మందు ఖర్చు తగ్గుతుంది, కానీ ఇల్లు గడవాలంటే ఇవన్నీ కావాలి.

కౌలుకి చేసే అక్కలు వెనక్కి తగ్గొద్దు. భూమి యజమానితో ముందే మాట్లాడి ఒప్పందం రాయించుకోండి. మూడేళ్ల పని మధ్యలో పొలం చేతులు మారితే నష్టం మీదే. ఆ మాట్లాడడానికి ఒంటరిగా వెళ్లొద్దు, సంఘం మీతో వస్తుంది.

సార్వా నారు పోసేలోపు ప్రతి గ్రామ సంఘం ఐదుగురి పేర్లు ఇవ్వాలని కోరుతున్నాం.