మేలు జరిగినదని తెలియుట ఎట్లు?
(సంఘ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ధర్మకార్యమునకు లెక్కలేల యని కొందరు పెద్దలు అడుగుచున్నారు. మేము వర్తకులము, తూచక సరకు దించుకొనము. పిల్లల మనస్సులను తీర్చిదిద్దుటకై చందాల సొమ్ము వ్యయపరచునప్పుడు మాత్రము తక్కెడ అక్కరలేదందుమా?

అమెరికాలో బోస్టను నగరము చెంత కేంబ్రిడ్జి, సోమర్‌విల్ అను పట్టణములు గలవు. బాలురు నేరముల దారి పట్టకుండ కాపాడవలెనని రిచర్డ్ కాబట్ అను వైద్యుడు అచ్చట ఒక ప్రయత్నము తలపెట్టెను. 506 మంది బాలురను వయస్సు, కుటుంబ స్థితి, స్వభావము మున్నగునవి చూచి జతలుగా కూర్చిరి. ప్రతి జతకు నాణెము ఎగురవేసి ఒకనిని సాయమునకు తీసికొని, రెండవవానిని అట్లే విడిచిరి. 1939 మొదలు 1945 వరకు సలహాదారులు సగటున నెలకు రెండు మారులు బాలుర యిండ్లకు పోయిరి; పలువురికి చదువు చెప్పించిరి, వైద్యము చేయించిరి, వేసవి శిబిరములకు పంపిరి.

నాణెమేల? శ్రద్ధగల తల్లిదండ్రులు పిల్లలను తామే తెచ్చి చేర్పింతురు. ఆ పిల్లలు పైకి వచ్చినచో అది పాఠముల ఫలమో, ఇంటి ఫలమో చెప్పజాలము. నాణెమునకు మొగమోటము లేదు.

జోన్ మెకార్డ్ అను విదుషీమణి ఆ బాలురు నడివయస్కులైన పిమ్మట వారి జాడ తీసి, 1978లో ఫలితములు ప్రకటించెను. సాయము పొందినవారిలో జవాబిచ్చినవారు మూడింట రెండు పాళ్లమంది తమకు మేలు జరిగినదనిరి. ఇంతటితో లెక్క ముగించియుండినచో జయభేరి మ్రోగెడిదే! రెండవ వర్గముతో పోల్చి చూడగా, బాల్యమున నేరము నమోదైనవారు ఇరువైపుల ఇంచుమించు సమానము. ఒకసారి నేరము చేసి మరల చేసినవారి పాలు, మద్యపాన వ్యసన లక్షణములు గలవారి సంఖ్య, సాయము పొందినవారియందే హెచ్చు.

పోలిక లేని లెక్కకు మరియొక చిక్కు గలదు. సంతలో ఒక వారము బేరము బొత్తిగా పడిపోయినచో మరుసటి వారము కొంత లేచుట సహజము. నడుమ కొట్టుకు సున్నము వేయించినవాడు అది సున్నపు మహిమ యనుకొనును. మిక్కిలి దిగులుగా నున్నప్పుడు ఎన్నుకొనిన పిల్లవాడును అంతే. ఈ సగటు వైపు మరలుటను 1886లోనే గాల్టన్ తల్లిదండ్రుల, బిడ్డల పొడవులయందు చూపెను.

భేదము కనబడినను అది యాదృచ్ఛికము కావచ్చును. కొద్ది మచ్చుతో దీనిని తేల్చు లెక్కను 1908లో ప్రకటించిన గాసెట్, డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కంపెనీ ఉద్యోగి. యజమానులు స్వనామమున ప్రకటింపనీయలేదు గనుక ‘స్టూడెంట్’ అను మారుపేరు పెట్టుకొనెను. వ్యాపారపు అవసరము శాస్త్రమునకు అక్కరకు వచ్చినది! అయితే యాదృచ్ఛికము కాదని తేలినంతమాత్రమున భేదము పెద్దదని కాదు. ఎంత పెద్దదో వేరుగా కొలువవలెను.

మన సాయంకాల పాఠశాలకు దరఖాస్తులు ఎక్కువ, చోటు తక్కువ. ఎవరి సిఫారసును వినక చీట్లు వేయుదము. చీటి రాని పిల్లల పేర్లను గూడ పుస్తకమున వ్రాసియుంచి, సంవత్సరాంతమున ఇరువురికి ఒకే పరీక్ష పెట్టుదము. దిద్దువారికి ఎవరే వర్గమో తెలియనీయరాదు. అందులకు వలయు కాగితముల ఖర్చు మా కొట్టు భరించును.